చల్లటి పైకప్పు ఎవరికి? ఐటీ కారిడార్‌లో వాతావరణ న్యాయం

వాతావరణ మార్పు మీద జరిగే చర్చలో రెండు పనుల గురించి మాట్లాడతారు. ఒకటి ఉద్గారాలను తగ్గించడం. రెండోది అనుకూలన, అంటే పెరుగుతున్న ఎండకు, కుంభవృష్టికి, నీటి కొరతకు తట్టుకునేలా ఇంటిని, పనిని, నగరాన్ని మార్చుకోవడం. మొదటిదానిలోని అన్యాయం చాలామందికి తెలుసు: పొగ వదిలింది ఒకరు, నష్టపోతున్నది మరొకరు. రెండోదానిలోని అన్యాయం అంత తొందరగా కనిపించదు. ఇంటికి చలువ రంగు వేయడం, చెరువును కాపాడటం మంచి పనులే కదా. అందుకే అవి ఎవరి గడప దాకా వచ్చి ఆగిపోయాయో అడిగేవాళ్లు తక్కువ. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ మీదుగా సాగే ఐటీ కారిడార్‌లో ఆ ప్రశ్న వేస్తే జవాబు ఎక్కువసార్లు ఒక్క చోటికే చేరుతుంది: కాగితం ఎవరి పేరు మీద ఉంది?

కథను 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభంతో మొదలుపెట్టడం అలవాటైంది. అంతకుముందు ఇక్కడ రాళ్లు రప్పలు తప్ప ఏమీ లేవని చెబుతారు. ఏమీ లేకపోవడం కాదు, ఊళ్లున్నాయి. ఊళ్లకు చెరువులు, పోరంబోకులు, పశువులు మేసే కంచెలు ఉన్నాయి. 2025లో 400 ఎకరాల చెట్లను కొట్టడం మీద హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు పోరాడి, సుప్రీంకోర్టు జోక్యంతో పనులు ఆగిన ‘కంచ గచ్చిబౌలి’ పేరులోనే ఆ ఉమ్మడి భూమి గుర్తు ఉంది. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తెరిచి, మడి మడికీ నీళ్లు పారించిన నీరటి వృత్తి ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలదే. చెరువు కింద ఆయకట్టు మాత్రం వేరే కులాలది. దళితులకు పట్టా ఎప్పుడైనా దక్కిందంటే అది ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమికే.

ఆ అసైన్డ్ పట్టా సగం పట్టా. అమ్మకానికి వీల్లేదని 1977 నాటి చట్టం చెబుతుంది. పేదవాడి చేతిలో భూమి నిలవాలన్నది దాని ఉద్దేశం. కానీ ‘ప్రజా ప్రయోజనం’ పేరుతో ప్రభుత్వమే ఆ భూమిని వెనక్కి తీసుకున్నప్పుడు, సొంత పట్టాదారుకు వచ్చే పరిహారం అసైనీకి రాదనే వాదన చాలాకాలం నడిచింది. చేవెళ్ల డివిజన్ నుంచి వచ్చిన మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో ఆ వాదనను కొట్టేసింది. అసైనీలకూ మార్కెట్ విలువ ప్రకారం పరిహారం ఇవ్వాలంది. అసైన్డ్ భూముల మీద పనిచేసే ప్రతి కార్యకర్తా చదవాల్సిన తీర్పు ఇది. అయితే చవగ్గా పోయిన భూములకు పాత రోజుల్ని ఏ తీర్పూ తిరిగి తేలేదు. భూమి పోయిన ఇళ్ల పిల్లలు అదే ఊళ్లో వాచ్‌మెన్‌లు, హౌస్‌కీపింగ్ పనివాళ్లు, కిరాయిదారులు అయ్యారు. వాతావరణ పథకాలు వచ్చి తలుపు తట్టేసరికి చూపించడానికి వాళ్ల దగ్గర కాగితం లేదు.

కూల్ రూఫ్ సంగతే చూద్దాం. పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతగానీ పొరగానీ వేస్తే ఇంట్లో వేడి తగ్గుతుంది. హైదరాబాద్‌లో 2017లో 25 పేద ఇళ్ల మీద దీన్ని ప్రయోగించి చూశారు. జీహెచ్‌ఎంసీ, గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ, అస్కీ వంటి సంస్థలు కలిసి చేసిన పని అది. లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది. ప్రయోగం జరిగింది బస్తీలో. 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం దగ్గరికి వచ్చేసరికి గీత వేరే చోట పడింది. 2030 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో 200 హైదరాబాద్‌లోనే అన్నది దాని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ తప్పనిసరి. ఇళ్లలో 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టినవాటికి తప్పనిసరి. అంతకంటే చిన్నవాటికి స్వచ్ఛందం. కొత్త భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు దీన్ని తనిఖీ చేస్తారు.

గీత అక్కడ గీయడానికి కారణం ఉంది. చిన్న ఇంటివాడి మీద ఖర్చు మోపకూడదనుకుని ఉండొచ్చు. ఫలితం మాత్రం తిరగబడింది. గుట్టల బేగంపేటలో, సిద్దిఖ్‌నగర్‌లో, అంజయ్యనగర్‌లో 600 గజాల ఇల్లు చూపించమనండి. రేకుల గది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కోసం ఎన్నడూ వెళ్లదు. విధానంలో ప్రభుత్వం కట్టే ఇళ్లకు చోటుంది. అంటే డబుల్ బెడ్‌రూం వచ్చినవారికి ఆ చలువ దక్కాలి. కానీ కారిడార్‌లో పనిచేసే మనిషికి ఆ ఇల్లు కొల్లూరు లాంటి చోట వస్తే, చలువ కోసం రోజూ బస్సులో తిరగాల్సిన దూరం పెరుగుతుంది. ఇక కిరాయిదారు విషయం మరీ చిక్కు. రంగు ఖర్చు ఓనర్‌ది, వేడి కిరాయిదారుది. ఓనర్ రంగు వేయించినా, గది బాగుపడిందని కిరాయి పెంచడని చెప్పలేం.

రేకుల గది గురించి ఇంకో మాట చెప్పాలి. పగలు కాగిన రేకు కింది గోడ రాత్రి వేడిని వదులుతూ ఉంటుంది. పక్క భవనాల ఏసీలు లోపలి వేడిని సందులోకి ఊదుతుంటాయి. పగటి ఎండతో పాటు నిద్రలేని రాత్రులు కూడా ఒంటిని కుంగదీస్తాయి. తెల్లారితే మళ్లీ సెంట్రింగ్ పనికి పోవాలి.

ఆ పనికి వచ్చేది ఎవరు? ఒడిశా, బిహార్ కూలీలతో పాటు పాలమూరు వాళ్లు. వానలు తప్పినప్పుడు ఊరు విడిచి వలస పోవడం పాలమూరు దళిత కుటుంబాలకు తరతరాల అలవాటు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని కూడా ‘అనుకూలన’ కిందే రాస్తారు. కరువును తట్టుకోవడానికి హైదరాబాద్ వచ్చిన మనిషి ఇక్కడ సైట్ పక్కన రేకుల షెడ్డులో ఎండకు దొరికిపోతాడు. ఒక ప్రమాదం నుంచి తప్పించుకునే దారి ఇంకో ప్రమాదంలోకి తీసుకెళ్తే దాన్ని అనుకూలన అనడం నాకు కష్టంగానే ఉంటుంది.

ఎండ ఎంత పని చేస్తుందో 2015లో చూశాం. ఆ వేసవి వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,000 మందికి పైగా చనిపోయారు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు ఇచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. ఇది పెద్ద అడుగే. కానీ చావు వడదెబ్బ వల్లే అని అధికారులు ధ్రువీకరించాలి. మళ్లీ కాగితమే. సైట్ మీద కూలిన మనిషిని పోస్టుమార్టం లేకుండా సొంతూరికి తీసుకెళ్లిపోతే ఆ కాగితం పుట్టదు. మిట్టమధ్యాహ్నం పని ఆపాలన్నది కూడా చాలావరకు సలహాగానే ఉంది. పని ఆపిన గంటలకు కూలి ఎవరిస్తారన్నది తేలకుండా ఆ సలహాను ఏ మేస్త్రీ పాటిస్తాడు? క్యాబ్ డ్రైవర్లు ఇదే ప్రశ్నను ఇంకోలా వేశారు. 2024 ఏప్రిల్‌లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ‘నో ఏసీ’ ప్రచారం చేపట్టింది. కంపెనీ ఇచ్చే కిరాయిలో ఏసీ ఖర్చు గిట్టదన్నది వాళ్ల వాదన. వెనక సీట్లోని ప్రయాణికుడి చల్లదనానికి ముందు సీట్లోని డ్రైవర్ జేబులోంచి డబ్బు పోతోందని నగరానికి అప్పుడు తెలిసింది.

వానల దగ్గరికి వస్తే, చెరువులు. చెరువు ఎఫ్‌టీఎల్‌ను కాపాడకపోతే వరద ముందుగా ముంచేది లోతట్టు బస్తీనే. కాబట్టి చెరువుల రక్షణ మన డిమాండ్ కూడా. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా పెద్దవాళ్లను వదిలేసిందనీ అనలేం. ఆగస్టు 24న తమ్మిడికుంట దగ్గర సినీనటుడి ఎన్ కన్వెన్షన్‌ను కూల్చింది. తేడా కూల్చడంలో కంటే గడువులో ఉంది. దుర్గం చెరువు చుట్టూ ఉన్న కాలనీలకు అదే ఆగస్టులో 30 రోజుల గడువుతో నోటీసులు అంటించారు. వాటిలో ముఖ్యమంత్రి సోదరుడి ఇల్లూ ఉంది. నివాసితులు హైకోర్టుకు వెళ్లారు, వాళ్ల అభ్యంతరాలు వినాలని కోర్టు చెప్పింది. సెప్టెంబర్‌లో మాదాపూర్ సున్నం చెరువు దగ్గర, తర్వాత కూకట్‌పల్లి నల్లచెరువు దగ్గర షెడ్ల మీదికి జేసీబీలు వచ్చాయి. సామాను తీసుకునే టైమ్ కూడా ఇవ్వలేదని నల్లచెరువులో షెడ్లు కిరాయికి తీసుకుని బతుకుతున్నవాళ్లు మొత్తుకున్నారు. కిరాయిదారుకు నోటీసు రాదు, ఎందుకంటే రికార్డులో అతను లేడు.

కుంభవృష్టికి డ్రైనేజీ పొంగితే మ్యాన్‌హోల్ దగ్గరికి వెళ్లేది ఏ కులమో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు. 2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లో నలుగురు చనిపోయారు. కాపాడబోయిన క్యాబ్ డ్రైవర్ కూడా వారిలో ఒకరు. మరుసటి ఏడాది జలమండలి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామిక సంఘం డిక్కీతో కలిసి ప్రవేశపెట్టింది. యంత్రం వచ్చింది, దాని యజమాని దళితుడయ్యాడు. ఇంకా ఎన్నో చేయాలి, కానీ ఈ నగరంలో అనుకూలన ఎలా ఉండొచ్చో చూపే కొద్ది ఉదాహరణల్లో ఇదొకటి.

చట్టంలో పట్టు దొరికే చోట్లు రెండున్నాయి. 2024లో ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కును రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద గుర్తించింది. 14 అంటే సమానత్వం. కాబట్టి పథకం ఉందా లేదా అనే దగ్గరే ఆగకుండా, అది ఎవరికి అందిందనీ కోర్టులో అడగవచ్చు. రెండోది 2017 నాటి తెలంగాణ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం. ఎస్సీ బస్తీల పైకప్పులకు పూత వేయడానికి ఈ నిధిని వాడమని అడగడం సాధ్యమే. ఎస్సీలు 17.43 శాతమని తేల్చిన 2024 కుల సర్వే వివరాలను కూల్ రూఫ్ వార్డుల జాబితాతో పోల్చమనీ అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టే విద్యార్థులు మున్సిపల్ శాఖకు ఈ మూడు ప్రశ్నలు పంపవచ్చు: ఇప్పటిదాకా పూత పడిన చదరపు మీటర్లలో 600 గజాల లోపు ఇళ్ల వాటా ఎంత? అందులో నోటిఫైడ్ బస్తీలవి ఎన్ని? కిరాయికి ఇచ్చిన ఇళ్లకు వేసినప్పుడు కిరాయి పెంచకూడదనే షరతు ఎక్కడైనా ఉందా?