బొగ్గుగనిలో ముప్పును పసిగట్టే విద్య

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించగా, 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో తవ్వకాలు మొదలుపెట్టింది. దాని ఆస్తులే 1920లో నెలకొన్న సింగరేణి కాలరీస్ కంపెనీకి సంక్రమించాయి. ఈ గనుల చరిత్రను ఉత్పత్తి అంకెలతో చెప్పడం పరిపాటి అయినా, పనిచోట పొంచి ఉన్న ముప్పును ముందుగా పసిగట్టి దాని తీవ్రతను అంచనా కట్టే పద్ధతి ఎలా ఎదిగిందన్నది అంతకంటే విలువైన చరిత్ర.

భూగర్భ గనిలో ఎప్పుడూ వెన్నాడే ముప్పు పైకప్పు. బొగ్గు తీసిన కొద్దీ పైనున్న రాతిపొరలకు ఆధారం పోతుంది గనుక, అనుభవజ్ఞుడు కర్రతో కప్పును తట్టి, గట్టి రాయి కంగుమంటే నమ్మి, పొర విడిపోయిన చోట డొల్లగా పలికితే పనివారిని ఆపేవాడు. రంగూ వాసనా లేని మీథేన్ వాయువు సంగతి వేరు. గాలిలో 5 నుంచి 15 శాతం వరకు కలిసినప్పుడు నిప్పురవ్వ సోకితే పేలే ఈ వాయువును చెవీ ముక్కూ పట్టుకోలేవు. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన రక్షణదీపం, అంటే జ్వాల చుట్టూ సన్నని తీగవల బిగించిన దీపం, వెలుగుతో పాటు వాయువును పరీక్షించడానికీ పనికివచ్చింది: వత్తిని బాగా తగ్గించినప్పుడు జ్వాలపై లేత నీలి టోపీ కనిపిస్తే వాయువు ఉన్నట్టు, ఆ టోపీ ఎత్తు పెరిగితే వాయువు పాళ్లు పెరిగినట్టు.

ఈ నేర్పు చట్టంగా మారడానికి ప్రాణాలే మూల్యమయ్యాయి. 1897లో కోలారు బంగారు గనుల్లో 52 మంది, 1899లో బలూచిస్తాన్‌లోని ఖోస్ట్ బొగ్గుగనిలో 47 మంది మరణించిన తరువాత గాని 1901 నాటి గనుల చట్టం రాలేదు. స్వాతంత్ర్యానంతరం 1952 చట్టం, 1957 బొగ్గుగనుల నిబంధనలు యోగ్యతాపత్రం పొందిన మైనింగ్ సర్దార్ అనే పర్యవేక్షకుడు పనిచోటును పరీక్షించి, చూసినదాన్ని పుస్తకంలో రాసి సంతకం చేయాలని విధించాయి. మీథేన్ 1.25 శాతానికి చేరితే మనుషులను బయటికి పంపాలన్న హద్దూ ఏర్పడింది. ఒకరి చెవిలోనే ఉండిపోయిన ఎరుక తరువాతి షిఫ్టుకు అందే మార్గం ఆ రాత ఒక్కటే గనుక, ఈ మార్పును చిన్నదిగా చూడరాదు.

అయితే నీటి ముప్పు కర్రకూ దీపానికీ అందదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చాస్నాలాలో పాత పనుల్లో, అంటే బొగ్గు తవ్వి వదిలేసిన చోట్లలో, నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది, 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీరు ముంచెత్తి 17 మంది మరణించారు. వదిలేసిన పనులు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పేది ప్రధానంగా గని పటమే. అందుకే పాత పనులకు 60 మీటర్ల లోపు తవ్వకానికి ప్రత్యేక అనుమతి కావాలని నిబంధన ఉంది. పటమే తప్పైతే ఆ 60 మీటర్లకు అర్థం ఉండదు.

2017 బొగ్గుగనుల నిబంధనలు ముప్పులను గుర్తించి, వాటి తీవ్రతను అంచనా వేసి, ముఖ్యమైనవాటిని రాతలో పెట్టే బాధ్యతను గని యజమాని, మేనేజరులపై మోపాయి. ఆ రాతలను కార్మికులు చూసేందుకు అందుబాటులో ఉంచాలని కూడా శాసించాయి.