బొగ్గుపొగలో వాండా

ఇంగ్లండులో డిసెంబరు వచ్చిందంటే నాలుగింటికే చీకటి పడిపోతుంది. అయినా ఇక్కడ ఏ సూపర్ మార్కెట్లో చూసినా ఆర్కిడ్ కుండీలే. చెట్ల కొమ్మలు పట్టుకుని, గాలిలో వేళ్ళు వేలాడేసుకుని బతికే మొక్కని ఈ మసక వెలుతురులో బతికించటం వీళ్ళకెలా అబ్బిందా అని కాస్త తవ్వి చూస్తే, తేలిగ్గా ఏమీ అబ్బలేదని తెలిసింది.

కథలో మన సామర్లకోట కూడా ఉందండోయ్. ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్ళేదాకా అక్కడే తోట పెంచుతూ మన కోస్తా మొక్కలకి బొమ్మలు వేయించాడు. 1795లో మొదలైన ఆయన కోరమాండల్ పుస్తకంలో ఇవాళ 'వాండా టెసలేటా' అంటున్న ఆర్కిడ్ ఉంది. వాండా అన్నది సంస్కృతం మాటే. చెట్టు మీద చెట్టు అని, మన బదనికలాగా అన్నమాట. బదనిక చెట్టు రసం తాగుతుంది, వాండా తాగదు. ఆసరా మాత్రమే తీసుకుంటుంది.

ఆ తేడా ఇంగ్లీషు తోటమాలులకి చాలాకాలం ఎక్కలేదు. ఉష్ణదేశపు మొక్క కదా అని గాలి ఆడని గాజుగదిలో పెట్టి, మంటేసి, ఆవిరి పట్టారు. కొండల మీద చల్లగాలికి పెరిగినవీ అందులోనే! వేళ్ళు కుళ్ళి చచ్చేవి. చచ్చినకొద్దీ కొత్తవి తెప్పించేవాళ్ళు.

1850లో జోసెఫ్ హుకర్ ఖాసీ కొండల్లో నీలి వాండాని చూసి ఏడుగురు కూలీలు మోసేటంత కోయించాడు. లండన్ చేరేసరికి ప్రాణాలతో మిగిలినవి ఏ కొన్నో. ఇది ఎవరో తిట్టింది కాదు, ఆయనే తన ప్రయాణాల పుస్తకంలో రాసుకున్నాడు. ఇంకొకాయన పంపిన ఒక్క మనిషి మోత, వాడిపోయి చేరినా 300 పౌండ్లు పలికిందట. ఆ ధర విన్నాక అడవిలో ఎవరాగుతారు చెప్పండి?

దారిలో చావకుండా చూసింది వార్డు అనే లండన్ డాక్టరు గాజుపెట్టె. 1829లో ఆయన ఒక సీసాలో చిమ్మట ప్యూపా పెడితే, అడుగున ఉన్న తడిమట్టిలో ఫెర్న్ మొలిచింది. ఆయన పెరట్లో బొగ్గుపొగకి బతకని ఫెర్న్! మూసిన గాజులో తడి తిరిగి తిరిగి అక్కడే ఉంటుంది, మసి లోపలికి రాదు. 1845లో గాజు మీద పన్ను తీసేశాక ఈ పెట్టెలు మధ్యతరగతి ఇళ్ళ హాల్లోకి కూడా వచ్చేశాయి.

చేరాక బతికించింది మాత్రం, నన్నడిగితే, పాక్స్‌టన్. చాట్స్‌వర్త్ జమీందారీలో తోటమాలి. చల్లని చోటివి చల్లగా, వేడి చోటివి వేడిగా వేరు గదుల్లో పెట్టాడు, గాలి ఆడనిచ్చాడు, కింద నేల తడిపాడు. ఇంతే. ఈయనా ఖాసీ కొండలకి మనిషిని పంపించినవాడేలెండి. 1851 క్రిస్టల్ ప్యాలెస్ కట్టిందీ ఈయనే.

ఇళ్ళలో ఇంకో శత్రువు గ్యాసుదీపం. మొక్కల్ని దెబ్బతీసేది అందులోని ఇథిలీనేనని 1901లో గానీ తేలలేదు. అరటిపళ్ళు ముగ్గేసే వాయువే, ఆర్కిడ్ పూలని ఇట్టే వడలగొడుతుంది. కరెంటు వచ్చాక ఆ బాధ పోయింది. 1922లో నడ్సన్ అనే అమెరికన్ చక్కెర కలిపిన అగర్ మీద విత్తనాలు మొలిపించాక, అడవికి పోవాల్సిన పనీ తగ్గింది.

ఇక్కడ కిటికీల్లో కనిపించేది ఎక్కువగా ఫెలనాప్సిస్. తక్కువ వెలుతురుతో సరిపెట్టుకునే రకం. తూర్పు కిటికీ చాలు, వేళ్ళు వెండిరంగుకి తిరిగినప్పుడు నీళ్ళు పోస్తే చాలు. వాండాకి అలా కుదరదు. దానికి ఎండ కావాలి. చలికాలంలో ఇక్కడ పూయించాలంటే నెత్తిన ఎల్ఈడీ దీపం వెలిగించాల్సిందే, రోజుకి పన్నెండు గంటలు.