రాతినార: నేల కంటే కప్పులోనే ఎక్కువ

పాత నేల బిళ్లలు పగలగొడితే ఆస్‌బెస్టాస్, అంటే రాతినార, ధూళి రేగుతుందన్న హెచ్చరిక అబద్ధం కాదు. కాకపోతే అది ప్రధానంగా అమెరికా ఇళ్ల చరిత్ర. తొమ్మిది అంగుళాల వినైల్ బిళ్ల, దాని కింద నల్లటి జిగురు అక్కడివి. తమిళనాడులోని వేలూరు, గుడియాత్తం పాత ఇళ్లలో కనిపించే నేలలు వేరు: ఎర్ర ఆక్సైడ్ పూత, కడప నాపరాయి, పాలరాతి ముక్కల మొజాయిక్. వీటి తయారీకి రాతినారతో పనిలేదు. అలాగని మన దగ్గర వినైల్ బిళ్లలు లేవనలేం. ఆస్‌బెస్టాస్ కలిసిన పీవీసీ బిళ్లలకు 1980 నాటి ఐ.ఎస్. 3461 అనే భారతీయ ప్రమాణమే ఉంది. ఆ కాలపు ఆఫీసుల్లో, ప్రయోగశాలల్లో పలచటి ప్లాస్టిక్ బిళ్లలుంటే అనుమానించాల్సిందే. ఇళ్లలో మాత్రం చూపు పైకి, కప్పు మీది సిమెంటు రేకు వైపు తిప్పాలి.

ఆ రేకు తొలి దశల కథ ఇది. 1900 ప్రాంతంలో ఆస్ట్రియాలో లుడ్విగ్ హాచెక్ సిమెంటులో రాతినార కలిపి పలకలు చేశాడు. 1930లలో ఆ పరిశ్రమ బొంబాయికి, 1946లో హైదరాబాద్‌కు చేరింది. 1960లలో అరక్కోణంలోనూ ఫ్యాక్టరీ వెలిసింది. 2019లో రాణిపేట జిల్లా ఏర్పడేదాకా అరక్కోణం వేలూరు జిల్లాలోదే.

రేకు ఇంతగా ఎందుకు పాకింది? చవక గనుక పేదలు కొన్నారన్నది అందరూ చెప్పే మాట. అది సగం నిజం. తాటాకు కప్పు నిప్పుకు లొంగుతుంది; మగ్గాలు, అగ్గిపెట్టెల పని సాగే గుడియాత్తం లాంటి ఊళ్లో ఆ భయం చిన్నది కాదు. మంగళూరు పెంకుకు వాసాలు, రీపర్లు బోలెడు కావాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఇనుము ప్రభుత్వ నియంత్రణలో ఉండేది. జింకు రేకు అడగ్గానే దొరికే సరుకు కాదు. సిమెంటు రేకు ఆ ఖాళీలోకి వచ్చింది. ధరకు పాత్ర లేదనను. కానీ ప్రభుత్వ విధానాలు, ప్రమాణాల ముద్ర వేసిన దారిలోనే జనం నడిచారు. తప్పంతా కొనేవాడి మీద తోసేయడం న్యాయం కాదు.

ఆ విధానంలోని వైరుధ్యం గనుల్లో బయటపడింది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో డోలమైటు రాతి మధ్య తెల్ల రాతినార దొరికేది. 1986లో కేంద్రం కొత్త గనుల లీజులు ఆపింది. 1993లో పాత వాటి పునరుద్ధరణ కూడా నిలిపింది. దిగుమతిని మాత్రం ఆపలేదు. తవ్వితే ప్రమాదమైన నార ఓడలో వస్తే క్షేమమెలా అవుతుంది? 1995లో సుప్రీంకోర్టు కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏళ్లు, లేదా పదవీ విరమణ తర్వాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచమంది. గొప్ప తీర్పే, కానీ అది ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగింది. ఇంటి మీద రేకు కోసే మేస్త్రీ పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. జబ్బు బయటపడేసరికి ఇరవై, ముప్పై ఏళ్లు గడుస్తాయి. అప్పటికి ఏ పనిలో ధూళి పీల్చాడో చెప్పడం కష్టం.

యూరోపియన్ యూనియన్ 2005లో, కెనడా 2018లో రాతినారను నిషేధించాయి. ఇక్కడ అమ్మకం సాగుతూనే ఉంది. జాగ్రత్తగా వాడితే చాలన్న పరిశ్రమ వాదనను నేను ఒప్పుకోను. ఆ జాగ్రత్త కాగితం మీద ఉన్నంతగా పనిచోట కనిపించదు. అయితే భయపడి, ఇప్పటికే ఉన్న రేకులన్నీ ఒక్కసారిగా పీకించడం అంతకంటే చేటు. చెక్కుచెదరని రేకు, బిళ్ల కదపకుండా ఉంటే ధూళి రాదు. నేల బిళ్ల బాగుంటే దాని మీదే కొత్తది పరిపించుకోవచ్చు. తీయక తప్పకపోతే ముందు తడపాలి, బోల్టులు విప్పి ముక్క కాకుండా దించాలి, మందపాటి పాలిథిన్‌లో చుట్టాలి. పొడిగా ఊడ్వకూడదు. మూతికి కట్టుకున్న తువ్వాలు సన్నటి నారను ఆపదు; అందుకు తగిన మాస్కు వేరే ఉంది. పగిలిన ముక్కలను గుంతలు పూడ్చడానికి వాడొద్దు. మునిసిపాలిటీలు పాత రేకులను మామూలు శిథిలాలతో కలపకుండా విడిగా తీసుకోవాలి. అంతవరకూ మేస్త్రీకి మనం చెప్పాల్సింది ఒకటే: రేకు మీద గ్రైండర్ పెట్టవద్దు.