ఇరువురు కడపటి రాజులు

అహోబిలయాత్ర చేసిన మన సీమవారికి రుద్రవరపు కథ తెలియనిది కాదు. కాకతీయ ప్రతాపరుద్రుడచ్చట విడిసి, నిత్యపూజకై బంగారు శివప్రతిమను పోత పోయింపగా, ఎన్నిమారులు పోసినను నరసింహరూపమే వచ్చెనట. రాజు శివకేశవులకు భేదము లేదని గ్రహించి, ఆ విగ్రహమును అహోబిలమఠపు జియ్యరుగారి కర్పించెనని పెద్దలు చెప్పుదురు. కథ రమ్యముగా నున్నది. కాని తొలి జియ్యరు ఆదివన్ శఠకోపస్వామివారు మఠమును స్థాపించినది 1398లో నని మఠసంప్రదాయమే చెప్పుచున్నది. ప్రతాపరుద్రుడు 1323లోనే గతించెను. ఈ డెబ్బదియైదేండ్ల యెడమును ఏ భక్తియు పూడ్చజాలదు. అయినను కథను త్రోసివేయ నాకు మనసొప్పదు. రాజ్యము పోయిన రాజును ఇచ్చటి ప్రజలు భక్తునిగా తలచుకొనిరనుటకు అదియే సాక్ష్యము.

కడపటి రాజు భక్తుడైనచో, ఆ భక్తియే రాజ్యమును చెరచెననుట లోకమున కలవాటు. ఓరుగల్లు విషయమున అది చెల్లదు. మాలిక్ కాఫూరు 1310లో కప్పము గొనిపోయెను. 1318లో ఖుస్రూఖాను వచ్చెను. ఉలూఘ్‌ఖాను ఒకమారు ముట్టడించి వెనుదిరిగి, మరల వచ్చి 1323లో కోటను పట్టుకొనెను. బందీయై ఢిల్లీకి పోవుచు ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెనని ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము తెలుపుచున్నది.

అదే శతాబ్దమున ఇట్టి నిందకే గురియైన మరియొక రాజు చీనాలో కలడు. ప్రతాపరుద్రుని అమ్మమ్మ రుద్రమదేవి కాలపు మోటుపల్లిని వర్ణించిన మార్కోపోలో, కుబ్లాయిఖానుని కొలువువాడు. ఆ కుబ్లాయి వంశమున చీనా నేలిన కడపటివాడు తోఘోన్ తెమూరు. బాల్యమున కొరియా ద్వీపమొకదానను, పిదప దక్షిణ చీనాలోను ప్రవాస మనుభవించి, 1333లో పదుమూడేండ్ల ప్రాయమున సింహాసన మెక్కెను. టిబెట్టు బౌద్ధమునందాయనకు గాఢమైన విశ్వాసము. కర్మప లామాయైన రోల్పె దోర్జెను దూరదేశమునుండి రప్పించుకొనెను. పెకింగునకు ఉత్తరమున జుయోంగ్ కనుమలో 1342-45 నడుమ కట్టిన రాతితోరణము నేటికిని నిలిచియున్నది. దానిపై బౌద్ధధారణులు ఆరు లిపులలో చెక్కబడినవి. వానిలో సంస్కృతమును వ్రాయు లాంచాలిపి యొకటి. మన దేశపు మంత్రాక్షరములు అంతదూరము పోయి రాతికెక్కుట యెంత వింత!

చీనా చరిత్రకారులు అంతఃపురపు లామాతంత్రములను తిట్టి పోసిరి. ఆ తిట్లలో కొంత నిజముండవచ్చును. కాని 1344లో పచ్చనది గట్టు తెగి ఊళ్లకు ఊళ్లు మునిగినవి. కాగితపు నాణెము విలువ పడిపోయెను. 1351లో నదిని మరల్చుటకై లక్షాయేబదివేల కూలీలను పనికి త్రోలిరి. ఎఱ్ఱతలపాగాల తిరుగుబాటు ఆ యేడే చెలరేగెను. ఆ తిరుగుబాటుదారులు మాత్రము భక్తిహీనులా? మైత్రేయబుద్ధుడు అవతరించునని వారెదురుచూచిరి. వారిలోనుండి లేచి 1368లో మింగు వంశమును స్థాపించిన ఝు యువాన్‌జాంగ్, ఆకలికి తాళలేక బౌద్ధవిహారమున చేరిన బీదబాలుడు! ఇరువైపుల బుద్ధుడే యుండగా, బుద్ధభక్తివలన ఒకరు చెడిరనుట ఎట్లు పొసగును?

తోఘోన్ తెమూరు ఆ యేడే రాజధాని విడిచి ఉత్తరమునకు తరలిపోయెను. 1370లో ఇంగ్‌చాంగ్ పట్టణమున రక్తగ్రహణితో మరణించెను. పదునేడవ శతాబ్దపు మంగోలు చరిత్రలలో, ఆయన పోగొట్టుకొన్న నగరమును తలచి విలపించిన గీత మొకటి కలదు. రుద్రవరపు కథ విన్నవారికి, అది ఏల పుట్టెనో వేరుగ చెప్పనక్కరలేదు.