పండు తొక్క నుంచి ఐసీయూ దాకా

విరేచనాలు పట్టుకున్నాయంటే మందులషాపులో ఓఆర్‌ఎస్‌తోపాటు ఒక పొడి ప్యాకెట్ కూడా చేతిలో పెడతారు. ఆ పొడుల్లో ఒకరకంలో ఉండేది శాకరోమైసిస్ బులార్డీ అనే ఈస్ట్. మన దగ్గర దీన్ని ఎకోనార్మ్ పేరుతో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ అమ్ముతోంది. పుట్టిల్లు మాత్రం ఇండోచైనా.

1920ల తొలినాళ్లలో అక్కడ కలరా చెలరేగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బులార్ అప్పుడు అక్కడే ఉన్నాడు. స్థానికులు లీచీ, మాంగోస్టీన్ పళ్ల తొక్కలు కాచి తాగడం, తాగినవాళ్లకు విరేచనాలు తగ్గుముఖం పట్టడం ఆయన కంటబడిందట. నాటువైద్యమని తీసిపారేయకుండా, అందులోని ఈస్ట్‌ను వేరుచేశాడు. రొట్టెలకు వాడే ఈస్ట్‌లు 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతాయి. ఇది 37 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, అంటే సరిగ్గా మన ఒంటి వేడి. పైగా ఫంగస్ జాతి కాబట్టి యాంటీబయాటిక్స్ దీన్నేమీ చేయలేవు. దీన్ని మందుగా తయారుచేయడానికే 1953లో ఫ్రాన్స్‌లో బయోకోడెక్స్ కంపెనీ వెలిసింది.

ఒంటి వేడికి బతకడం, యాంటీబయాటిక్స్‌కు లొంగకపోవడం పేగులో ఉన్నంతసేపూ సుగుణాలే. నెత్తుట్లోకి చేరితే అవే ప్రాణం మీదికి తెస్తాయి. ఆరోగ్యవంతుల్లో అలా జరగడం చాలా అరుదు. ఐసీయూలో పేగు గోడ దెబ్బతిన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి సన్నగిల్లినవాళ్లకు, మెడ దగ్గర పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ వేసినవాళ్లకు ఆ దారి తెరుచుకుంటుంది.

అయితే పేగు ఒక్కటే దారి అనుకుంటే పొరపాటు. ముక్కుగొట్టం ద్వారా ఇవ్వడానికి నర్సు మంచం పక్కనే ప్యాకెట్ చింపుతుంది. పొడి మెత్తగా లేస్తుంది. ఫ్రాన్స్ పరిశోధకులు దీన్నే పరీక్షించి 2000లో ప్రచురించారు: బతికున్న ఈస్ట్ మీటరు దూరం దాకా దొరికింది, రెండు గంటల తర్వాత కూడా గదిలో ఉంది, గట్టిగా రుద్ది కడిగిన చేతుల మీదా మిగిలింది. ఆ చేత్తోనే సెంట్రల్ లైన్ మూత తిప్పితే? 2003లో ఇటలీ పరిశోధకులు వెల్లడించిన ఉదంతంలో ఈస్ట్ నెత్తుట్లోకి చేరిన ముగ్గురూ అసలు ఆ మందు వాడనేలేదు. వాడినవాళ్లతో ఒకే ఐసీయూలో ఉన్నారు, అంతే!

ఇంకో చిక్కుంది. జన్యుపరంగా ఇది రొట్టె ఈస్ట్‌కు సొంత రక్తమే. ల్యాబ్ రిపోర్టులో శాకరోమైసిస్ సెరెవిసియే అని వస్తే, ప్యాకెట్ సంగతి అడిగితే తప్ప మూలం దొరకదు. దొరికితే మొదట ఆ పొడి ఆపాలి, వీలైతే లైన్ తీసేయాలి, ఫంగస్ మందులు మొదలుపెట్టాలి.

సెంట్రల్ లైన్ ఉన్నవారికి ఇవ్వకూడదన్న హెచ్చరిక యూరప్‌లో ముందునుంచే ఉంది. 2017లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారిని, రోగనిరోధక శక్తి తగ్గినవారిని కూడా ఆ జాబితాలో చేర్చింది. రోగి గదిలో ప్యాకెట్ విప్పొద్దని, గ్లవ్స్ వేసుకోవాలని చెప్పింది. దాదాపు వందేళ్ల కిందట వేరుచేసిన ఈస్ట్‌కు ఈ జాగ్రత్త ఆలస్యంగానే వచ్చిందనాలి.

ఐసీయూ గడప తొక్కనివాళ్లకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. కీమోథెరపీ కోసం ఛాతీలో పోర్ట్ పెట్టించుకున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు మన ఇళ్లలోనే ఉంటారు. వాళ్లకు ఏ ప్రోబయోటిక్ అయినా డాక్టర్‌ను అడగకుండా ఇవ్వకండి. ఇప్పటికే ఇస్తుంటే, జ్వరం, చలి వచ్చినప్పుడు మందుల చీటీతోపాటు ఆ ఖాళీ ప్యాకెట్ కూడా చూపించండి.