గోల్ఫ్ క్లబ్బూ గని కార్మికుడూ: సంఘం పెట్టుకునే హక్కు ఎవరికి ముందు దక్కింది?



ఈసారి గోల్ఫ్ క్లబ్ చరిత్ర రాస్తున్నానంటే మా క్లాసు పిల్లలు నవ్వారు. "మన వాడల్లో గోల్ఫ్ ఎవరాడతారు మేడమ్?" అన్నారు. ఎవరూ ఆడరు, నిజమే. కానీ ఆ మైదానంలో గడ్డి కోసింది ఎవరు, నీళ్ళు పట్టింది ఎవరు, దొరల వెనక కర్రల సంచి మోసింది ఎవరు అని అడగండి. అప్పుడు ఆ చరిత్రలో మనవాళ్ళు కనిపిస్తారు.

ఇంకో కారణం కూడా ఉంది. క్లబ్ అంటే మొదట ఒక సంఘం. కొందరు మనుషులు కలిసి, చందా వేసుకుని, తమ నియమాలు తామే రాసుకుని, తమ పెద్దను తామే ఎన్నుకునే ఏర్పాటు. ఒకే ఊళ్ళో ఆ హక్కు ఎవరికి ముందు దక్కింది, ఎవరికి ఎన్నేళ్ళు ఆలస్యంగా దక్కింది అనేదే ఈ వ్యాసం. ఆ ఊరు మన చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే ఉంది. దాని పేరు కోలారు బంగారు గనులు. అందరూ పిలిచే పేరు కె.జి.ఎఫ్.

సరిహద్దు అవతల మన ఊరే

2018లో సినిమా వచ్చాక కె.జి.ఎఫ్. పేరు తెలియనివాళ్ళు లేరు. 2024లో పా. రంజిత్ 'తంగలాన్' తీశాక ఆ బంగారం తవ్విన దళితుల మాట కూడా కొంత బయటికొచ్చింది. కానీ వాళ్ళలో మన జిల్లావాళ్ళు ఉన్నారన్న సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు ఇందులో పెద్ద భాగం ఉత్తర ఆర్కాటు జిల్లా. కాబట్టి పాత రికార్డుల్లో 'ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన కూలీలు' అని చదివితే తమిళ పల్లెలు మాత్రమే గుర్తుకు రాకూడదు. నేటి చిత్తూరు పల్లెలు కూడా ఆ మాటలో ఉన్నాయి. 1876-78 మహా కరువు దక్షిణాదిని తినేసింది. అది ముగిసిన కొద్ది ఏళ్ళకే, 1880లో, లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారులో అడుగుపెట్టింది. భూమి లేనివాళ్ళు, ఊరి పెత్తందారు దగ్గర తరాలుగా జీతగాళ్ళుగా పడి ఉన్నవాళ్ళు గనుల దారి పట్టారు. మా వైపు పాతతరం వాళ్ళు "గనులకు పోయినాడు" అంటే వేరే వివరం అక్కర్లేదు, అది కోలారే.

పాలారు నది కూడా ఈ రెండు చోట్లనూ కలుపుతుంది. అది కర్ణాటకలో సుమారు 93 కిలోమీటర్లు, మన జిల్లాలో 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు నడుస్తుంది. మన రామకుప్పం, కుప్పం వైపు రాకముందే బేతమంగళం దగ్గర ఆ నీళ్ళను పట్టి గనుల పట్టణానికి ఇచ్చారు. అంటే కంపెనీకి మన వైపు నుంచి మనుషులూ వెళ్ళారు, పైనుంచి మనకు రావలసిన నీళ్ళలో కొన్ని అక్కడే ఆగాయి.

క్లబ్ ఎలా నడిచేది

కె.జి.ఎఫ్. క్లబ్ 1885 నాటిది. దానికి తొమ్మిది హోల్స్ గోల్ఫ్ మైదానం ఉంది. చల్లని గాలి, పెంకుటి బంగళాలు, క్లబ్బు, చర్చి చూసి ఆ పట్టణాన్ని 'లిటిల్ ఇంగ్లండ్' అనేవారు. అలా పిలిచింది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

అప్పటి ఇంగ్లీషు క్లబ్బులన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో నడిచేవి. ఏటా సర్వసభ్య సమావేశం. ఎన్నుకున్న కమిటీ. జీతం తీసుకోని గౌరవ కార్యదర్శి. జమాఖర్చులు సభ్యుల ముందు పెట్టడం. ప్రతి సమావేశానికి మినిట్స్ రాయడం. సభ్యుడికి భోజనం నచ్చకపోయినా, మైదానంలో గడ్డి పెరిగినా రాసిపెట్టడానికి ఒక ఫిర్యాదుల పుస్తకం ఉండేది. దానికి కమిటీ జవాబు చెప్పాలి. కొత్త సభ్యుడిని తీసుకోవాలంటే రహస్య ఓటింగు. పెట్టెలో నల్లగోళీ పడితే ఆ మనిషికి తలుపు మూసినట్టే. కారణం చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతిని నేను ఎగతాళి చేయను. నల్లగోళీ ఒక్కటి తీసేస్తే అది మంచి పద్ధతి. లెక్క చూపడం, మాట రాసిపెట్టడం, పెద్దను మార్చుకోగలగడం అన్నీ ప్రజాస్వామ్యం లక్షణాలే. అది ఆ గోడ లోపల మాత్రమే ఉండటమే సమస్య.

ఇక మైదానం సంగతి. గోల్ఫ్ పుట్టింది స్కాట్లండ్ సముద్రతీరంలో, వాన ఊరికే పడి గడ్డి దానంతటదే పెరిగే చోట. మన దక్కను ఎండల్లో ఆ గడ్డిని బతికించడం మనుషుల పని. నీళ్ళు చాలని చోట బంతి గుంటలో పడే జాగాను గడ్డితో కాకుండా ఇసుకతో చేసేవారు. ఇసుకలో నూనె కలిపి చదును చేసేవారు. పచ్చగా ఉండవు కాబట్టి వాటికి 'బ్రౌన్స్' అని పేరు. ఆటగాళ్ళు నడిచిపోయాక ఆ ఇసుకమీద అడుగుల గుర్తులు చెరిపి, మళ్ళీ నున్నగా లాగి, తర్వాతి జట్టుకు సిద్ధం చేయాలి. ఆ పని చేసినవాడు తన అడుగులు కూడా చెరుపుకుంటూ వెనక్కి నడవాలి. క్లబ్బుల చరిత్రల్లో కప్పులు గెలిచినవాళ్ళ పేర్లు, అధ్యక్షుల పేర్లు బంగారు అక్షరాల్లో చెక్కపలకల మీద ఉంటాయి. చదును చేసినవాడి పేరు మాత్రం ఏ పలక మీదా కనిపించదు.

లైన్లలో ఏం జరిగేది

క్లబ్బుకు అవతలి పక్క కూలీ లైన్లు. వెదురు తట్టీ గోడల గుడిసెలు. గని లోపలికి దిగినవాళ్ళలో అత్యధికులు ఆది ద్రావిడులు. ఊళ్ళో అంటరానివాడు గనిలో అవసరమైనవాడయ్యాడు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి కిందికి పోయింది. ప్రపంచంలోనే లోతైన గనుల్లో అదొకటి. లోపల వేడి, రాళ్ళు ఉన్నట్టుండి పేలి మీదపడే ప్రమాదం, ఊపిరితిత్తుల్లో చేరే రాతిదుమ్ము. 1940లలో ఏడు వేల ఆరు వందల పైచిలుకు కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభైమందికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేలింది.

1902లో శివసముద్రం జలపాతం నుంచి 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి కరెంటు తెచ్చింది ఈ గనుల కోసమే. బెంగళూరు వీధులకు అది 1905లో గానీ రాలేదు. కంపెనీకి డబ్బుకు గానీ, తెలివికి గానీ కొరత లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. కార్మికుడి గుడిసె దగ్గరికి వచ్చేసరికే ఆ రెండూ కనిపించేవి కావు.

1897 నాటి మైసూరు గనుల నిబంధనలు కార్మికుడిని పుట్టుదొంగగా చూశాయి. ఒంటిమీద సోదా మామూలు. 1930లో అందరి వేలిముద్రలు తీసుకోవాలని కంపెనీ నిర్ణయిస్తే వేలమంది పని ఆపేశారు. సమ్మె దాదాపు మూడు వారాలు సాగింది. వాళ్ళకు అప్పటికి యూనియన్ లేదు.

ఎందుకు లేదు? బ్రిటిష్ ఇండియాలో 1926లోనే ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. మైసూరు సంస్థానానికి అది వర్తించలేదు. అక్కడ కార్మిక సంఘానికి చట్టబద్ధమైన చోటు దొరికింది 1940ల తొలినాళ్ళలో. ఇప్పుడు లెక్క వేయండి. అధికారుల క్లబ్ 1885. కార్మికుల సంఘానికి గుర్తింపు 1940లు. మధ్యలో యాభై ఏళ్ళకు పైగా తేడా. ఒకే కంపెనీ, ఒకే ఊరు. మీదివాళ్ళు నలుగురు కలిసి కూర్చుంటే అది క్లబ్. కిందివాళ్ళు నలుగురు కలిసి కూర్చుంటే అది కుట్ర. 1946 నవంబరు 4న పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు. సంఘం అనే మాటకు వాళ్ళు కట్టిన చందా అది.

మనవాళ్ళు కట్టుకున్న సంఘాలు

యూనియన్ రాకముందు మనవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పండిత అయోతీ దాస్ 1898లో మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం పెట్టారు. 1907లో దాని శాఖ కోలారు గనుల్లోని మారికుప్పంలో మొదలైంది. గని కూలీలే దాని సభ్యులు. అయోతీ దాస్ 1907లో ప్రారంభించిన 'తమిళన్' పత్రిక ఆయన 1914లో పోయాక కొంతకాలానికి ఆగిపోతే, 1926లో దాన్ని కోలారు గనుల నుంచే జి. అప్పాదురై మళ్ళీ నడిపారు. గని లోతుకు దిగి వచ్చి, స్నానం చేసి, పత్రిక చదివి వాదించుకున్న మనుషులు వాళ్ళు.

ఆ పునాది మీదే షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ అక్కడ బలపడింది. 1954లో బాబాసాహెబ్ అంబేడ్కర్ స్వయంగా కె.జి.ఎఫ్. వచ్చారు. మనం క్లబ్ చరిత్ర, బౌద్ధ సంఘం చరిత్ర పక్కపక్కన పెట్టి చదవాలి. రెండూ సంఘాలే. ఒకటి తలుపు మూయడానికి గోళీ వాడింది. రెండోది తలుపు తెరవడానికి అచ్చుయంత్రం వాడింది.

హ్యాండీక్యాప్ అంటే ఏమిటో తెలుసా?

గోల్ఫ్‌లో ఒక నియమం ఉంది. రిజర్వేషన్ మీద వాదనలకు దిగే విద్యార్థులు దీన్ని గుర్తుపెట్టుకోండి. ఆట బాగా వచ్చినవాడూ, అంతగా రానివాడూ పోటీ పడితే రెండోవాడికి కొన్ని దెబ్బలు తగ్గించి లెక్క కడతారు. దాన్ని హ్యాండీక్యాప్ అంటారు. ఎవరికి ఎంత ఇవ్వాలో గత ఆటల లెక్కలు చూసి నిర్ణయిస్తారు, ఎప్పటికప్పుడు సవరిస్తారు. అలా గెలిచిన కప్పును ఎవరూ తక్కువగా చూడరు. "వాడికి మెరిట్ లేదు" అనరు. అలా చేస్తేనే పోటీ న్యాయంగా ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు.

ఆటలో వందేళ్ళుగా ఒప్పుకున్న న్యాయాన్ని కాలేజీ సీటు దగ్గర, ఉద్యోగం దగ్గర ఎందుకు ఒప్పుకోరు? ఆటలో తేడా ఒక మనిషికి వచ్చిన నైపుణ్యంలోది. బయట తేడా వందల ఏళ్ళు భూమి, చదువు, బావి దక్కకుండా చేసినదాని ఫలితం. సవరణ ఎక్కువ అవసరం ఎక్కడో మీరే చెప్పండి.

దొరలు పోయాక

1956లో గనులను మైసూరు ప్రభుత్వం తీసుకుంది. 1962లో కేంద్రానికి వెళ్ళాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయింది. మన గుడుపల్లె మండలంలోని చిగురుగుంట గనినీ ఈ కంపెనీయే నడిపింది. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూసేశారు. నూట ఇరవై ఏళ్ళలో అక్కడి నుంచి సుమారు 800 టన్నుల బంగారం పోయింది. మిగిలింది సైనైడ్ దిబ్బలు, దగ్గు, తెల్లవారుజామున బెంగళూరు కూలికి పోయే రైలు.

అయితే క్లబ్ పద్ధతి కోలారుతో ఆగలేదు. మనకు దగ్గరి మద్రాసు చూడండి. గిండీ రేసుకోర్సు సుమారు 160 ఎకరాలు. లోపలే జింఖానా క్లబ్ గోల్ఫ్ మైదానం. 1945లో ప్రభుత్వం రేస్ క్లబ్బుకు 99 ఏళ్ళ లీజు ఇచ్చింది. ఏడాదికి అద్దె సుమారు 614 రూపాయలు. తర్వాత ప్రభుత్వం అద్దె పెంచితే క్లబ్ కోర్టుకెళ్ళింది. 2023లో మద్రాసు హైకోర్టు 730 కోట్లకు పైగా బకాయి కట్టమంది. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం లీజు రద్దు చేసి సీలు వేసింది.

హైదరాబాదు మణికొండలో ఎమ్మార్ ప్రాజెక్టుకు కేటాయించిన 535 ఎకరాల్లో సుమారు 235 ఎకరాలు గోల్ఫ్ మైదానానికి 66 ఏళ్ళ లీజు మీద పోయాయి. ఆ ప్రాజెక్టు తర్వాత సీబీఐ కేసుల దాకా వెళ్ళింది. మూడు సెంట్ల ఇంటి పట్టా కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ పదేళ్ళు తిరిగే మన అమ్మలు, అక్కలు ఈ అంకెలు వినాలి.

మనం అడగవలసినవి

క్లబ్బులు ఉండకూడదని నా వాదన కాదు. సొంత భూమి మీద, సొంత డబ్బుతో ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవచ్చు. కానీ భూమి ప్రభుత్వానిదైతే, నీళ్ళు ఊరివైతే, మైదానాన్ని మెరుగుపరిచిన చేతులు మనవైతే, అది సభ్యుల సొంత వ్యవహారం కాదు. తిరుపతి చుట్టూ రిసార్టులూ క్లబ్బులూ పెరుగుతున్నాయి. విద్యార్థి మిత్రులు ఎక్కడ ఇలాంటిది చూసినా ఈ ప్రశ్నలు అడగండి: ఆ భూమి అంతకుముందు ఏ ఖాతాలో ఉంది, డీకేటీ పట్టానా, చెరువు పోరంబోకా? లీజు ఎన్నేళ్ళు, అద్దె ఎంత? రోజుకు నీళ్ళు ఎన్ని, ఏ బోరు నుంచి? గడ్డి కోసేవాళ్ళకు, క్యాడీలకు నెల జీతం ఉందా, పీఎఫ్ ఉందా, సంచికింతని కూలేనా? ప్రభుత్వ భూమి అయితే సమాచార హక్కు చట్టం కింద మొదటి రెండు ప్రశ్నలకు జవాబు రావాల్సిందే.

ఇంకో పని కూడా ఉంది. వీకోట, రామకుప్పం, గుడుపల్లె, కుప్పం వైపు వాడల్లో గనులకు పోయి వచ్చిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ముసలివాళ్ళు పోకముందే వెళ్ళి కూర్చోండి. పని చీటీలు, ఫొటోలు, సంఘం రసీదులు దొరికితే ఫోన్‌లో తీసి భద్రపరచండి. వాళ్ళు ఒప్పుకుంటే మాటలు రికార్డు చేయండి. మన యువజన సంఘాలకు, అంబేడ్కర్ సంఘాలకు కూడా ఒక మాట: మినిట్స్ రాయండి, లెక్కలు సభ్యుల ముందు పెట్టండి, ఫిర్యాదుల పుస్తకం పెట్టండి. దొరల క్లబ్ నుంచి తీసుకోదగ్గది అదొక్కటే. అది మనకు రావడానికి యాభై ఏళ్ళు ఆలస్యమైంది, ఆరు ప్రాణాలు పోయాయి. దాన్ని తేలిగ్గా వాడకూడదు.

వచ్చే భాగంలో చిగురుగుంట గని గురించి రాస్తాను. మీ ఇళ్ళల్లో ఆ గనిలో పనిచేసినవాళ్ళు ఉంటే కబురు పెట్టండి.

జై భీమ్!