కణజాలంలో అసహజ పెరుగుదల

కణజాలంలో కణాలు అవసరానికి మించి విభజన చెందినా, తమ రూపాన్నీ అమరికనూ కోల్పోయినా దాన్ని అసహజ పెరుగుదల అంటారు. ఇదంతా క్యాన్సర్ కాదు. కణాల సంఖ్య మాత్రమే పెరిగితే హైపర్‌ప్లేసియా; పెద్ద వయసు మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బడం ఇలాంటిదే. ఒక రకం కణాల చోట మరో రకం చేరితే మెటాప్లేసియా. పొగతాగేవారి శ్వాసనాళాల్లో ఇది సాధారణం. కణాల తీరే చెడితే డిస్ప్లేసియా. నిరపాయకరమైన కంతి ఉన్నచోటే పెరుగుతుంది. క్యాన్సర్ కంతి పక్క కణజాలంలోకి చొచ్చుకుపోతుంది, రక్తం ద్వారా, లింఫు ద్వారా దూరపు అవయవాలకు పాకుతుంది.

వీటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది డిస్ప్లేసియా మీద, ఎందుకంటే ఇక్కడ ఇంకా వెనక్కి మళ్ళే వీలుంటుంది. సూక్ష్మదర్శినిలో కణకేంద్రకాలు పెద్దవై, ముదురు రంగు పట్టి, ఒకదానికొకటి పోలిక లేకుండా కనిపిస్తాయి. అడుగు పొరలో జరగవలసిన విభజన పై పొరల్లోనూ జరుగుతుంది. మార్పు అడుగు మూడో వంతులోనే ఉంటే స్వల్పం, మూడింట రెండు వంతుల దాకా వస్తే మధ్యస్థం, అదీ దాటితే తీవ్రం. కింద ఉన్న ఆధార త్వచాన్ని కణాలు ఛేదించిన తరువాతే అది చొచ్చుకుపోయే క్యాన్సర్ అవుతుంది.

ఇలాంటి మార్పులను కంటికి కనిపించేలా చేసిన అలవాటు ఉత్తరాంధ్ర తీరంలోని అడ్డపొగ. చుట్ట నిప్పుకొసను నోట్లో ఉంచుకుని పీల్చే ఈ పద్ధతి ముఖ్యంగా స్త్రీలలో ఉండేది. పిండ్‌బోర్గ్, ఫలీ మెహతా తదితరులు 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. వేడి, పొగ నేరుగా తగిలే అంగిలి మొదట తెల్లబారుతుంది. చిన్న లాలాజల గ్రంథుల ముఖాలు నడుమ ఎర్రచుక్కతో బుడిపెల్లా లేస్తాయి. తరువాత ఎర్రమచ్చలు, మానని పుండ్లు పడవచ్చు. మామూలుగా పొగతాగేవారిలో అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ అలవాటు దూరపు సంగతి కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్ఖానా పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో ఎన్నో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవే. అడ్డపొగకు భిన్నంగా, ఖైనీ, జర్దా, పాన్ వంటివి అంగిలి కన్నా బుగ్గ లోపలి భాగాన్నీ చిగుళ్ళనూ ఎక్కువగా దెబ్బతీస్తాయి. పొగాకే కాదు, పనిచోటు కూడా క్యాన్సర్‌కు కారణం కావచ్చు. ఆవిరి ఇంజన్ల కాలంలో ప్రపంచంలోని అనేక రైల్వే కార్ఖానాల్లో బాయిలర్లకు ఆస్‌బెస్టాస్ చుట్టేవారు. దాని నారలు పీల్చినవారికి ఊపిరితిత్తుల పొరలో మీసోథీలియోమా అనే క్యాన్సర్ దశాబ్దాల తరువాత కూడా రావచ్చు. అందుకే వైద్యుడు పింఛనుదారును పాత ఉద్యోగం గురించి కూడా అడగాలి.

నోట్లో మచ్చ గాని పుండు గాని రెండు, మూడు వారాల్లో తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి. నొప్పి లేకపోవడం భరోసా కాదు. తొలి దశలో చాలాసార్లు నొప్పి ఉండదు. చిన్న ముక్క తీసి చేసే బయాప్సీయే వ్యాధిని నిర్ధారిస్తుంది. బయాప్సీతో క్యాన్సర్ వ్యాపిస్తుందన్న భయం వల్ల చాలామంది విలువైన నెలలు పోగొట్టుకుంటున్నారు. ఆ భయానికి ఆధారం లేదు. శ్రీకాకుళంతో సహా మూడు ప్రాంతాల్లో దాదాపు 36,000 మంది పొగాకు వాడేవారితో చేసి 1986లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనం, మాన్పించే ప్రయత్నాలతో పొగాకు వాడకాన్ని తగ్గించవచ్చని చూపింది. స్వల్ప మార్పులు పొగాకు మానితే తగ్గవచ్చు. తీవ్రమైనవాటిని సాధారణంగా శస్త్రచికిత్సతో తీసేస్తారు. అయితే ఏళ్ళ తరబడి పొగాకు తగిలిన నోట్లో మరోచోట కొత్త మచ్చ పుట్టవచ్చు గనుక, చికిత్స అయిన తరువాత కూడా క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి.